మ్యాప్ మీద గీతకి దూరం రాయడం: ఏ దూరం రాస్తున్నాం?

పోయిన ఎపిసోడ్‌లో మనం క్యూజీఐఎస్‌లో చుక్కలు పెట్టడం చూశాం. ఎక్సెల్ షీట్‌లో ఊరి పేరు, అక్షాంశం, రేఖాంశం అని మూడు కాలమ్స్ పెట్టుకుని, దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేసి మ్యాప్ మీదికి తెచ్చాం. ఆ తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. చుక్కకీ చుక్కకీ మధ్య గీత గీసి, ఆ గీత మీద ఎన్ని కిలోమీటర్లో రాయడం ఎలాగండీ అని.

రాయడం తేలికే. పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాల పనిలో నేను ఓసారి చాలా పెద్ద తప్పు చేశాను. అందుకని ఇవాళ రెండూ చెప్తాను. ముందు పని, తర్వాత నా తప్పు. కొంచెం ఓపికగా చూడండి.

ముందు గీతలు. ప్రతి చుక్కనీ ప్రతి చుక్కతో కలిపేద్దాం అనిపిస్తుంది మొదట్లో. వద్దు. పది చుక్కలుంటే 45 గీతలొస్తాయి. ముప్పై చుక్కలకి 435. స్క్రీన్ అంతా వల పరిచినట్టు అయిపోతుంది, అందులో ఒక్క అంకె కూడా చదవలేం. నిజంగా మనకి కావలసింది సాధారణంగా "ఈ ఊరు ఏ ఆసుపత్రికి", "ఈ బడి ఏ మండల కేంద్రానికి", "ఈ డిపో నుంచి ఏ షాపులకి" లాంటి సంబంధం. అంటే ఒక వైపు ఇరుసు, ఇంకో వైపు ఆకులు. బండి చక్రం గుర్తు తెచ్చుకోండి. ఇంగ్లీషులో కూడా అదే పోలిక, హబ్ అనీ స్పోక్ అనీ.

ప్రాసెసింగ్ టూల్‌బాక్స్ తెరిచి, సెర్చ్‌లో హబ్ అని కొట్టండి. రెండు రకాలు వస్తాయి. ఒకటి "జాయిన్ బై లైన్స్". ఏ ఊరు ఏ ఆసుపత్రి కిందికి వస్తుందో మీ టేబుల్‌లో ముందే రాసి ఉంటే ఇది వాడాలి. ఊళ్ళ టేబుల్‌లో ఆసుపత్రి కోడ్ ఒక కాలమ్‌గా ఉండాలి, ఆసుపత్రుల టేబుల్‌లో అదే కోడ్ ఉండాలి. రెండు చోట్లా ఒకేలా. ఒక దాంట్లో కోడ్ వెనక స్పేస్ ఉండిపోయినా గీత రాదు. గీత రాలేదు అని నన్ను అడిగినవాళ్ళలో సగానికి సగం మంది సమస్య ఈ స్పేసే.

రెండోది "డిస్టెన్స్ టు నియరెస్ట్ హబ్". దీనికి ఏమీ చెప్పక్కర్లేదు. ప్రతి ఊరికీ దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ఏదో అదే వెతికి, గీత గీసి, దూరం కూడా ఒక కాలమ్‌లో రాసి ఇచ్చేస్తుంది. చాలా సుఖం. నా తప్పు ఈ సుఖంలోంచే వచ్చింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు లేబుల్. గీతల లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి, లేబుల్స్‌లోకి వెళ్ళి, "సింగిల్ లేబుల్స్" ఎంచుకోండి. వ్యాల్యూ అన్న పెట్టె పక్కన ఎప్సిలాన్ గుర్తు ఉంటుంది, తెలుగు ఎత్వం తిరగేసినట్టు. అది నొక్కితే సూత్రం రాసుకునే కిటికీ వస్తుంది. అందులో రాయాల్సింది ఇది, నోటితో చెప్తాను, స్క్రీన్ మీద కూడా కనిపిస్తోంది: రౌండ్, బ్రాకెట్ మొదలు, డాలర్ గుర్తుకి ఆనించి లెంగ్త్, బై వెయ్యి, కామా, ఒకటి, బ్రాకెట్ ముగింపు. ఆ తర్వాత రెండు నిలువు గీతలు. ఆ తర్వాత సింగిల్ కోట్స్‌లో ఒక స్పేస్ ఇచ్చి కి.మీ. అని తెలుగులోనే టైప్ చేసేయండి. అంతే. మీటర్లని వెయ్యితో భాగించి, చుక్క తర్వాత ఒక్క అంకె ఉంచి, పక్కన కి.మీ. అతికించమని చెప్పామన్నమాట.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే కంగారు పడకండి. ఫాంట్‌లో తెలుగు లేదని అర్థం. నోటో సాన్స్ తెలుగు పెట్టుకోండి, సరిపోతుంది. ఇంకోటి, దూరం సరిగ్గా నాలుగు వస్తే రౌండ్ "4" అని చూపిస్తుంది, "4.0" అని కాదు. పక్క గీత మీద "3.7" ఉండి దీని మీద ఒట్టి "4" ఉంటే చూసేవాడు ఇదేదో ఉరామరిగా వేసిన లెక్క అనుకుంటాడు. అన్నీ ఒకే తీరుగా రావాలంటే రౌండ్ బదులు ఫార్మాట్ అండర్‌స్కోర్ నంబర్ వాడండి.

మరి అసలు చిక్కు. లేబుల్ వచ్చింది, బాగానే ఉంది, కానీ అంకె సరైనదేనా? ఇక్కడ ఒక ప్రయోగం చేద్దాం. చార్మినార్ దగ్గర ఒక చుక్క, విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర ఒక చుక్క. మధ్యలో గీత. ఇప్పుడు చూడండి.

మొదటి సూత్రం, డాలర్ లెంగ్త్. 246 కిలోమీటర్ల దగ్గర చూపిస్తోంది. ఇది సరైన అంకె, భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని కొలిచింది.

రెండో సూత్రం. డాలర్ తీసేసి, లెంగ్త్ అని రాసి బ్రాకెట్‌లో జామెట్రీ ఇచ్చాను. చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కానీ ఇప్పుడు ఎంత చూపిస్తోందో చూడండి, వెయ్యితో భాగించకుండానే 2.3. హైదరాబాదు నుంచి బెజవాడకి రెండు కిలోమీటర్లట! ఏం జరిగిందంటే, మన లేయర్ డిగ్రీల్లో ఉంది. ఈ రెండో సూత్రం భూమి, గుండ్రం, అవేవీ పట్టించుకోదు. కాగితం మీద స్కేలు పెట్టి కొలిచినట్టు కొలుస్తుంది. ఆ కాగితం మీద కొలత డిగ్రీల్లో ఉంది కాబట్టి 2.3 డిగ్రీలు అని చెప్పింది. పక్కన కి.మీ. అని అతికించింది మనమే.

ఈ తప్పు తప్పని వెంటనే తెలిసిపోతుంది, అదొక అదృష్టం. తెలియకుండా కొంప ముంచేది మూడోది. అదే లేయర్‌ని నేను వెబ్ మెర్కేటర్‌లోకి మార్చాను. మన ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో కనిపించే మ్యాపుల్లో ఎక్కువ భాగం గీసేది ఆ పద్ధతిలోనే. ఇప్పుడు అదే సూత్రం, మళ్ళీ వెయ్యితో భాగించాను. 257 కిలోమీటర్లు. 246కీ 257కీ 11 కిలోమీటర్లు తేడా. కానీ 257 అని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందా? రాదు. పైగా రోడ్డు మీద సుమారు 270 ఉంటుంది కదా, ఇదీ దానికి దగ్గరగానే ఉంది, బాగుంది అనుకుంటాం. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

ఎందుకు పెరుగుతుందంటే, మెర్కేటర్ మ్యాపు భూమధ్యరేఖ నుంచి పైకి వెళ్ళే కొద్దీ అన్నిటినీ సాగదీస్తుంది. మనం ఉన్న 17 డిగ్రీల దగ్గర ఆ సాగుడు నాలుగున్నర శాతం దాకా. 60 డిగ్రీల దగ్గర, అంటే స్వీడన్, నార్వేలంత పైకి వెళ్తే, సరిగ్గా రెట్టింపు. అక్కడి వాళ్ళకి తప్పు వెంటనే దొరికిపోతుంది. మనకి దొరకదు, ఎందుకంటే మన దగ్గర అది చిన్నది, నమ్మదగ్గట్టుగా ఉంటుంది.

కాబట్టి ఏం చేయాలి? డాలర్ లెంగ్త్ వాడండి. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో జనరల్‌కి వెళ్ళి, ఎలిప్సాయిడ్ దగ్గర డబ్ల్యూజీఎస్ 84 ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి. అక్కడ నన్ అని ఉంటే డాలర్ లెంగ్త్ కూడా కాగితం మీద కొలతే చెప్తుంది. అదే పేజీలో దూరం యూనిట్లు కూడా ఉంటాయి. అక్కడ కిలోమీటర్లు అని పెట్టుకుని, మళ్ళీ సూత్రంలో వెయ్యితో భాగించారనుకోండి, అన్ని గీతల మీదా 0.0, మహా అయితే 0.2 వస్తుంది. మీటర్లు పెట్టుకుంటే నేను చెప్పిన సూత్రం ఉన్నదున్నట్టు పనిచేస్తుంది.

కొంతమంది యూటీఎం వాడితే చాలదా అంటారు. చాలుతుంది, మీ పని ఒక జోన్‌లో ఉన్నంతవరకూ. 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం దాకా 44వ జోన్. తెలంగాణ దాదాపు అంతా, ఆంధ్రలో ఎక్కువ భాగం అందులోనే ఉంటాయి. కానీ అనంతపురం, ఆదోని 43లోకి పోతాయి. జహీరాబాద్, నారాయణపేట కూడా అంతే. అటు చివర పలాస, ఇచ్ఛాపురం 45లోకి వెళ్తాయి. అంటే ఆంధ్రప్రదేశ్ ఒక్కటే మూడు జోన్ల మీద పడుకుని ఉంది. ఒక జిల్లాకి మ్యాపు చేస్తే యూటీఎం హాయి. రాష్ట్రం మొత్తానికి చేస్తే డాలర్ లెంగ్త్‌ని నమ్ముకోండి.

ఇక చుక్క తర్వాత ఎన్ని అంకెలు అన్నది. నేను ఒక్కటే అంటాను. ఫోన్‌లో జీపీఎస్ ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట, అయిదు మీటర్ల అటూ ఇటుగా చెప్తుంది. చెట్ల కింద, మేడల మధ్య ఇంకా ఎక్కువ. ఊరికి ఒక్క చుక్క పెట్టామంటే ఆ చుక్క పంచాయతీ ఆఫీసు దగ్గర ఉందా, రామాలయం దగ్గర ఉందా అన్నదాన్ని బట్టే అర కిలోమీటరు మారిపోతుంది. అలాంటి చుక్కకి 3.2174 అని రాస్తే కంప్యూటర్ నవ్వదు గానీ, సర్వేయర్ నవ్వుతాడు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధార రేఖ ఒక్కటి కొలవడానికి ఉక్కు గొలుసు పట్టుకుని ఇంచుమించు రెండు నెలలు తిరిగాడు. తర్వాత మన గుత్తి దగ్గర కూడా ఒక రేఖ కొలిచాడు. ఆయన చుక్క తర్వాత అంకెలు రాశాడంటే ఆయనకి హక్కుంది. మనకి లేదు.

లేబుల్ ఎక్కడ కూర్చోవాలి అన్నది త్వరగా చెప్పేస్తాను. ప్లేస్‌మెంట్‌లో ప్యారలల్ పెట్టండి, గీత పైన అని టిక్ కొట్టండి. కర్వ్‌డ్ అవసరం లేదు, రెండు చుక్కల మధ్య గీతకి వంపే ఉండదు కదా. బఫర్ అని ఉంటుంది, అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వేస్తుంది, అది తప్పకుండా పెట్టండి. కింద శాటిలైట్ ఫోటో ఉంటే ఆ అంచు లేకుండా అంకె కనపడదు. మరీ చిన్న గీతల మీద లేబుల్ అసలు రాదు, గీత కన్నా అక్షరాలు పొడుగైతే సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది. చూసేవాళ్ళు ఆ ఊరికి లెక్క లేదనుకుంటారు. ఓవర్‌రన్ అన్నదాన్ని ఆన్ చేస్తే గీత దాటి కూడా రాస్తుంది.

ఇప్పుడు నా తప్పు గురించి.

కొన్నేళ్ళ కిందట గోదావరి లంక ఊళ్ళలో గర్భిణుల కోసం పనిచేసే ఒక సంస్థ వాళ్ళు మ్యాపు చేసిపెట్టమన్నారు. వాళ్ళ దగ్గర కొద్దిగా డబ్బుంది. ఆసుపత్రికి అయిదు కిలోమీటర్లకి మించి దూరమున్న ఊళ్ళలో రాత్రిపూట ఒక ఆటోని మాట్లాడి ఉంచాలని వాళ్ళ ఆలోచన. ఏ ఊళ్ళు అయిదు దాటుతాయో మ్యాపులో చూపించమన్నారు. నేను ఇందాక చెప్పిన రెండో పనిముట్టు, నియరెస్ట్ హబ్, అది నడిపించాను. గీతలొచ్చాయి. డాలర్ లెంగ్త్ వాడాను, ఎలిప్సాయిడ్ సరిగ్గానే ఉంది, చుక్క తర్వాత ఒక్క అంకె. లెక్క ప్రకారం ఎక్కడా తప్పు లేదు. అయిదు దాటినవి ఎర్ర గీతలు, లోపలున్నవి పచ్చ గీతలు. ప్రింటు తీసి ఇచ్చాను. అందరూ బాగుందన్నారు. దాన్నిబట్టి ఊళ్ళ జాబితా కూడా తయారైపోయింది.

నెల తర్వాత అక్కడే ఒక మీటింగ్‌కి వెళ్ళాను. మ్యాపు గోడకి అంటించి ఉంది. ఒక ఆశా కార్యకర్త దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత ఒక పచ్చ గీత మీద వేలు పెట్టి అడిగింది. "ఇది ఏటండీ, 3.1 అని రాశారు?" మీ ఊరి నుంచి ఆసుపత్రికి దూరమమ్మా అన్నాను. "మధ్యలో గోదారుంది కదండీ" అంది.

నేను వెంటనే ఏదో సమాధానం చెప్పబోయాను, పంటు ఉంది కదా అన్నట్టు. "రాత్రి పంటు తిరగదండీ. తొమ్మిదో నెల మనిషిని ఏం చేయమంటారు?"

మీలో నరసాపురం వెళ్ళినవాళ్ళుంటే ఆవిడ మాట వెంటనే అర్థమవుతుంది. నరసాపురం రేవులో నిలబడితే వశిష్ట గోదావరి అవతల సఖినేటిపల్లి ఒడ్డు కళ్ళకి కనిపిస్తుంది. పంటు ఎక్కితే అవతలి ఒడ్డుకి కాసేపట్లో వెళ్ళిపోతాం. అదే రోడ్డున అయితే పాలకొల్లు వైపు పైకి వెళ్ళి, చించినాడ వంతెన ఎక్కి, దిండి దగ్గర దిగి, మలికిపురం మీదుగా మళ్ళీ కిందికి రావాలి. ఇరవై కిలోమీటర్ల పైమాటే. నా మ్యాపులో గీత వంతెన ఎక్కలేదు, పంటు ఎక్కలేదు. నీళ్ళ మీదుగా తిన్నగా నడిచి వెళ్ళిపోయింది.

అలాంటి ఊళ్ళు ఆ మ్యాపులో నాలుగు తేలాయి. నాలుగూ పచ్చ గీతలే. నాలుగింటికీ ఆటో ఇవ్వలేదు, దగ్గరే కదా అని. జాబితా మార్చి, ఆటోలు మాట్లాడి పెట్టేసరికి ఇంకో నెలన్నర పట్టింది. ఈ లోపల ఒకామెని రాత్రి రెండు గంటలకి చుట్టు తిప్పి ఇవతలి ఒడ్డునే ఉన్న ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళారట, ఆటోకి అప్పు చేసి. తల్లీ బిడ్డా క్షేమంగానే ఉన్నారు. అది నాకు తర్వాత, మాటల్లో తెలిసింది. ఆ ఆటో డబ్బులు నేను ఇస్తానంటే వాళ్ళు తీసుకోలేదు.

ఆవిడ అడిగాక నేను ఆలోచించాను, లెక్క ఎక్కడ తప్పింది అని. లెక్క తప్పలేదు. 3.1 నిజమే. తప్పింది నా లేబుల్. "3.1 కి.మీ." అని రాశానుగానీ, ఏ కిలోమీటర్లో రాయలేదు. పాత రోడ్డు మ్యాపుల్లో ఊరికీ ఊరికీ మధ్య ఎర్రటి చిన్న అంకెలు వేసేవాళ్ళు, గుర్తుందా? అవి రోడ్డు వెంబడే ఉండేవి కాబట్టి రోడ్డు దూరమని చూడగానే తెలిసేది. మనం తిన్నటి గీత మీద అంకె వేసినా చూసేవాళ్ళు ఆ పాత అలవాటుతోనే చదువుతారు. నేను రాసింది కాకి ఎగిరే దూరం, వాళ్ళు చదివింది మనిషి నడిచే దూరం.

ఈ తేడా బళ్ళ దగ్గర కూడా వస్తుంది. విద్యాహక్కు చట్టం నమూనా నిబంధనల్లో ఒకటి నుంచి అయిదు తరగతుల బడి కిలోమీటరు "నడక దూరంలో" ఉండాలని ఉంది, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి మూడు కిలోమీటర్లు. నడక అన్న మాట అందులోనే ఉంది. కానీ మ్యాపు చేసేటప్పుడు మనం ఏం చేస్తాం? బడి చుట్టూ కిలోమీటరు వృత్తం గీసేస్తాం. కాలవకి అవతలున్న ఇల్లు వృత్తంలో పడుతుంది. ఆ ఇంటి పిల్ల బడికి రావాలంటే వంతెన దాకా ఒకటిన్నర నడిచి, మళ్ళీ వెనక్కి రావాలి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. మీకు నచ్చితే తీసుకోండి. తిన్నటి గీత ఎప్పుడూ చుక్కల గీతగానే వేస్తాను, నిండు గీతగా వేయను. సూత్రం చివర కోట్స్‌లో ఒట్టి కి.మీ. కాకుండా "కి.మీ. గాలి దూరం" అని రాస్తాను. లేబుల్ పొడుగవుతుంది, కొన్ని చోట్ల ఇరుకుగానే ఉంటుంది, అయినా సరే. రోడ్డు దూరం తెలిస్తే అది టేబుల్‌లో వేరే కాలమ్‌గా పెట్టి, అదే లేబుల్‌లో కింది లైనులో "రోడ్డున ఇంత" అని చూపిస్తాను. సూత్రంలో కోట్స్ మధ్య బ్యాక్‌స్లాష్, చిన్న ఎన్ రాస్తే కొత్త లైను వస్తుంది. రోడ్డు దూరం తెలియకపోతే "రోడ్డు కొలవలేదు" అని రాస్తాను. ఆ మాట చూసి ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంకో పని కూడా చేస్తాను. నదులు, కాలవలు, రైలు కట్టలు ఒక లేయర్‌గా తెచ్చుకుని, ఏ గీతలు వాటిని కోస్తున్నాయో చూస్తాను. "సెలెక్ట్ బై లొకేషన్" అని ఉంటుంది, ఇంటర్‌సెక్ట్ అని పెడితే కోసే గీతలన్నీ పసుపు రంగులో వెలుగుతాయి. వాటికి మాత్రం చేత్తో రోడ్డు దూరం చూసి రాస్తాను. ఆ లంక ఊళ్ళ మ్యాపుకి తర్వాత ఈ పరీక్ష పెడితే ఆ నాలుగు ఊళ్ళూ ఒక్క నిమిషంలో బయటపడ్డాయి. అయిదోది కూడా ఒకటి పడింది, ఆశా కార్యకర్త చెప్పనిది. దాని గీత ఒక పాయ మీదుగా వెళ్తోంది. వెళ్ళి చూస్తే ఆ పాయ వేసవిలో ఎండిపోతుంది, జనం ఇసకలో నడిచే దాటుతారు. వానాకాలంలో కుదరదు. ఆ ఊరికి లేబుల్‌లో రెండు అంకెలు రాశాం, ఎండాకాలం ఇంత, వానాకాలం ఇంత అని.

సరేనండీ. వచ్చే ఎపిసోడ్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు దించుకుని, క్యూజీఐఎస్‌లోనే "షార్టెస్ట్ పాత్" వాడి రోడ్డు దూరం తీయడం చూద్దాం. పంటుని రోడ్డుగా లెక్కేయాలా వద్దా అన్నది అక్కడ పెద్ద గొడవే, దాని సంగతి కూడా మాట్లాడదాం. ఈలోపు మీ ఊరి నుంచి దగ్గరి ఆసుపత్రికి ఒక గీత గీసి, లేబుల్ వేసి ఉంచుకోండి, అదే ఫైలు మీద పని చేద్దాం. ఉంటానండీ, నమస్తే.